వంత పాట

మేము అశోక్‌నగర్‌లో కాపురం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ నడిచి వెళ్లేంత దూరం. ఇరవై యేళ్లుగా అక్కడ కచేరీలు వింటున్నాను గనుక, సంగీతం నాకు తెలుసునని ఒక ధీమా వుండేది. ఆ ధీమాతోనే మా అబ్బాయి గదిలోంచి వచ్చే పాటలను "యేమిట్రా ఆ గావుకేకలు?" అని గద్దించి ఆపించేవాణ్ణి. వాడు తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. క్రమంగా మా యిద్దరి మధ్య మాటలూ తగ్గినవి.

ఒక శనివారం నారాయణగూడ మార్కెట్టు నుంచి కూరలు తెచ్చేసరికి, మా అమ్మ వాడి మంచంమీద కూర్చుని తొడమీద తాళం వేస్తున్నది! పాడుతున్నది అరేతా ఫ్రాంక్లిన్ అనే అమెరికా నల్లజాతి గాయని.

"భజనేరా యిది! ఒకామె అందుకుంటున్నది, తక్కినవాళ్లు వంత పాడుతున్నారు" అన్నది అమ్మ. ఇంగ్లీషు ముక్క రాని మనిషి!

నిజంగా భజనే. 1972 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లోని ఒక చర్చిలో రెండు రాత్రులు భక్తుల మధ్య పాడగా రికార్డు చేసిన పాటలట. ఆమె తండ్రి మతబోధకుడు; చిన్నప్పుడు ఆయన చర్చిలోనే పాడింది. ఆ చర్చి బాణీలో ప్రేమనూ, ఆక్రోశాన్నీ, ఆత్మాభిమానాన్నీ పాడుకుంటే సోల్ సంగీతం అయిందని మావాడు చెప్పాడు.

తరువాత ఫంక్ పాఠం. జేమ్స్ బ్రౌన్ నాలుగు దెబ్బలలో మొదటిదానిమీద బరువు పెట్టి, గిటార్లనూ బాకాలనూ కూడా డప్పుల్లా వాయింపించాడు. 1967 నాటి 'కోల్డ్ స్వెట్' వినిపించాడు. అబద్ధమెందుకు, నచ్చలేదు. రాగం కోసం వెతికాను మరి! నాలుగోసారికి వెతకడం మానేశాను. అప్పుడు మడమ దానంతట అదే కదిలింది.

వంత పాడటమంటే మన వాడుకలో చులకన. వంతలు లేనిదే బుర్రకథ నడుస్తుందా? తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి, యీ సంగతి మా అమ్మ చెప్పేదాకా నాకు తోచలేదు.

ఆ శనివారం మాట ఒకటి మరిచాను. చర్చిలో రెండో రాత్రి ఆమె తండ్రి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడట. ఆ మాట చెబుతూ మావాడు నావంక చూడలేదు. నేను కూరల సంచీ కిందపెట్టి, అమ్మ పక్కన చోటు చేసుకున్నాను.

"మొదటినుంచి పెట్టరా" అన్నాను.