ఖరగ్‌పూర్‌లో రెండు బడులు

ఖరగ్‌పూర్‌లో రైలు దిగి నడుస్తుంటే ప్లాట్‌ఫారం ఎంతకీ తరగదు. 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేదాకా ప్రపంచంలో ఇదే పొడవైనది. బయట గోల్‌బజార్‌లో బెంగాలీ బోర్డుల కింద కూరగాయలు పెట్టుకు కూర్చున్న పెద్దావిడ "ఏటి కావాల బాబూ?" అంటుంది. అచ్చం శ్రీకాకుళం యాస.

ఆ యాసను ఇక్కడికి తెచ్చింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. పంతొమ్మిదో శతాబ్దం చివర ఆ కంపెనీ ఇక్కడ జంక్షను పెట్టింది, ఆ వెంటే వర్క్‌షాపు కట్టింది. వాల్తేరు లైను పట్టుకుని ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా వచ్చినవాళ్లు మథురాకటి, నింపురా వైపు స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, అది ముఖ్యంగా ఈ ఊరి తెలుగువాళ్ల వల్లే.

వర్క్‌షాపే ఊరికి మొదటి బడి. ఓవర్‌హాలింగ్‌కి వచ్చిన పెట్టెను పైకెత్తి, చక్రాలు విడదీసి, బేరింగులు విప్పి చూస్తారు. అరిగిన చక్రాన్ని లేతు మీద మళ్లీ గుండ్రంగా తెస్తారు. వెనకటి మేస్త్రీలు చక్రాన్ని సుత్తితో కొట్టి చెవి ఒగ్గేవారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే పగులున్నట్టే. పాతదాన్ని పారేయకుండా మళ్లీ పట్టాలెక్కించడం ఈ ఊరు నూరేళ్లకు పైగా చేస్తున్న పని. సుస్థిర అభివృద్ధి గురించి మాట్లాడేవాళ్లు ముందు ఇక్కడికొచ్చి చూడాలి.

రెండో బడి ఊరి పక్కనే హిజ్లీలో ఉంది. 1931 సెప్టెంబరు 16న అక్కడి బ్రిటిష్ నిర్బంధ శిబిరంలో పోలీసు కాల్పులకు ఖైదీలు సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలయ్యారు. ఆ శిబిరం భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అక్కడ కొత్త పరిశ్రమలకు ఊతమిచ్చే పార్కు ఉంది, రైల్వే పరిశోధన కేంద్రం ఉంది. 2020లో కోవిడ్ పరీక్షకు చవకైన చిన్న పరికరం, కొవిరాప్, తయారైంది అక్కడే.

రెండు బడులకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. రాకపోకలు మాత్రం చాలవు. ఐఐటీ పట్టా చేతికందగానే చాలామంది బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోతారు. వర్క్‌షాపు అప్రెంటిస్‌కి శిక్షణ పూర్తయినా ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. ఒకరి చదువూ మరొకరి పనితనమూ ఊళ్లోనే కలిస్తే విద్యాసాగర్ పారిశ్రామిక వాడలో కొత్త షెడ్లు లేస్తాయి, కుర్రాళ్లకు వలస తప్పుతుంది. నా దృష్టిలో ఆవిష్కరణ విధానం అంటే అదే. ఆ పని చేయని విధానపత్రం ఎంత లావున్నా ఈ ఊరికి ఒరిగేదేమీ లేదు.

ఐఐటీ పెద్దలకూ రైల్వే అధికారులకూ ఒక మనవి. వచ్చే వేసవి సెలవుల్లో మథురాకటి పిల్లలు పదిమందికైనా మీ ల్యాబుల తలుపులు తెరవండి. వాళ్లకు తెలుగులో పాఠం చెప్పగల విద్యార్థులు మీ హాస్టళ్లలోనే ఉన్నారు.