కోటు వేసుకున్న మా తాత

ఈ నెల గోడపత్రికకు 'నాకు నచ్చిన ఫోటో' అనే అంశం మీద రాయమని తెలుగు సారు చెప్పారు. నేను ముందు నాకు నచ్చని ఫోటో గురించి రాస్తాను. సారు కోప్పడకూడదు.

పోయిన జనవరిలో మా తాత చనిపోయినాడు. పెద్ద దినానికి ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు మీద ఉన్నది ఒక్కటే దొరికింది. మా మామ దాన్ని తీసుకుపోయి ఒక స్టూడియోలో ఇచ్చినాడు. మూడో రోజుకు ఫ్రేము కట్టి ఇచ్చారు. చూస్తే మా తాత నల్లకోటు, ఎర్ర టై వేసుకుని ఉన్నాడు! వెనకాల నీలం ఆకాశం, రోజాపూలు, ఒక జలపాతం. ముఖం కూడా తెల్లగా చేసేశారు. మా తాత రొయ్యల గుంటల కాడ కాపలా ఉండేవాడు. గోచీ, భుజాన ఒక తుండు, అంతే. పెళ్లిళ్లకు తప్ప చొక్కా తొడగడు. మా అవ్వ చాలాసేపు చూసి, "ఎవుర్రా అబ్బయ్యా ఈయన? ఎమ్మార్వోనా?" అనింది. అందరూ నవ్వినారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సెలవుల తర్వాత ఆ ఫోటో కాపీ తెచ్చుకుని, కంప్యూటర్ పీరియడ్‌లో బాగుచేద్దామని కూర్చున్నాను. కంప్యూటర్ సారు చెప్పింది ఇది. ఫోటో అంటే చిన్న చిన్న గళ్లు. కార్డు మీద బొమ్మ గోరంత కాబట్టి గళ్లు తక్కువ. పెద్దది చేస్తే మధ్యలో లేని గళ్లను కంప్యూటర్ ఊహించి నింపుతుంది. అందుకే ముఖం అలికినట్టు వస్తుంది. రంగు ఫోటోలో ఒక్కో గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. నలుపు తెలుపులో ఒక్కటే అంకె. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. మూడింటిని కలిపి ఒకటి చేసేటప్పుడు నూటికి ఆకుపచ్చకు 59, ఎరుపుకు 30, నీలానికి 11 పాళ్లు వేస్తారట. మన కంటికి ఆకుపచ్చే ఎక్కువ వెలుగుగా కనపడుతుంది కాబట్టి.

రంగులు తీసేశాను. రోజాపూలు బూడిదలో కలిసిపోయినాయి. జలపాతాన్ని బ్రష్‌తో తుడిచేశాను. ప్రాణం కొంచెం కుదుటపడింది. కానీ కోటు ఉందే, దాన్ని తుడిస్తే కింద మా తాత లేడు. తెల్లగళ్లే ఉన్నాయి. పోనీ మౌసుతో భుజాలు, ఎదురుబొమికలు నేనే గీద్దామని రెండు పీరియడ్లు కష్టపడితే చేలో దిష్టిబొమ్మ తయారైంది. మానుకున్నాను.

అప్పుడే సోషల్ సారు తన ఫోనులో ఒక పాత పుస్తకం చూపించారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ దేశపు కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేశారు. ఏడో దాంట్లో మన యానాదులు ఉన్నారు. పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించే నలుపు తెలుపు ఫోటో ఉంది. ముఖాలు మన కాలనీ వాళ్లవే అనిపించింది. ఫోటో కింద తెగ పేరు ఉంది, మనిషి పేరు లేదు. వాళ్ల మనవళ్లకు ఆ ఫోటో ఎప్పుడన్నా చేరిందో లేదో! కోరుట్లలో 1939లో పుట్టిన బండి రాజన్ బాబు గారి గురించి కూడా సారు చెప్పారు. ఆయన 2011లో చనిపోయారు. గిరిజన గూడేలు తిరిగి నలుపు తెలుపులో ఫోటోలు తీసిన మనిషి. రంగు లేకపోతే కన్ను చీర మీదికి, పూసల మీదికి పోకుండా ముఖం దగ్గరే ఆగుతుందని సారు అన్నారు. నాకు అది నిజమే అనిపించింది.

తర్వాత ఆదివారం సైన్సు సారు మమ్మల్ని మైపాడు వైపు తీసుకుపోయినారు. ఫోను ఒకటే, మేము ముప్పై రెండు మంది. తలకొక్క ఫోటో అని సారు రూలు పెట్టారు, ఫోనును నలుపు తెలుపులో పెట్టి ఇచ్చారు. ఒక్కటే అనేసరికి ఎవరికీ చెయ్యి రాలేదు! అంతకుముందు ఫోను దొరికితే టకటకా పది నొక్కేవాళ్లం. మన తొమ్మిదో తరగతి వాడొకడు (పేరు రాయను, కొడతాడు) పీత కోసం గంటసేపు ఇసకలో పడుకున్నాడు. అది బొక్కలోనుంచి బయటికి వచ్చేసరికి వాడికే తుమ్ము వచ్చింది.

నేను కాలవగట్టు మీద కూర్చున్నాను. ఎవరిదో ఊత బోర్లించి ఉంది. ఇంకా ఎండ రాలేదు, నీళ్లు కదలడం లేదు. ఊరికే చూస్తూ ఉంటే ముందు కనపడనివి కనపడినాయి. తడి బురద మీద పాదాల గుర్తులు, ఆ గుర్తుల్లో నిలిచిన నీళ్లు, ఊత పుల్లల సందుల్లో తెల్లటి గీతలు. మా తాత కూడా ఈ టైములోనే కాలవలో దిగేవాడు. నడుముదాకా నీళ్లలో కదలకుండా నిలబడి ఉంటే కొంగలు కూడా ఆయన్ను మనిషి అనుకునేవి కాదు. నేను గట్టు మీద సత్తుగిన్నె పట్టుకుని, "తాతా, పడిందా?" అని అరిచి తిట్లు తినేవాణ్ణి. సూర్యుడు తాడిచెట్ల మీదికి రాంగానే ఊత నీడ పొడుగ్గా నీళ్లదాకా పడింది. అప్పుడు నొక్కాను. ఫోటోలో మనిషి లేడు.

సారు దాన్ని కాగితం మీద ప్రింటు తీసిచ్చారు. రెండో ఆదివారం మా అవ్వ నన్ను చూడను వచ్చినప్పుడు చూపించాను. "తాత ఫోటో ఇదే అవ్వా" అన్నాను. అవ్వ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇది మీ తాత ఊత కాదురా. ఆయన అల్లితే పుల్లలు ఇంత ఎడం ఉండవు."

తర్వాత పాదాల గుర్తుల మీద వేలు పెట్టి చాలాసేపు అట్నే ఉండిపోయింది. ఏమీ మాట్లాడలేదు. నేనే, "ఇంట్లో ఆ కోటు ఫోటో తీసేసి దీన్ని పెడదామా?" అన్నాను.

"ఎందుకు తీసేది? ఉండనీ. బతికినన్నాళ్లు ఆయనకి కోటు ఎవురేసినారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నేను రెండు పీరియడ్లు కూర్చుని తుడిచిన కోటు మా అవ్వకు అప్పటికే అలవాటైపోయింది. రోజూ దానికే దణ్ణం పెడుతుందంట. పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి, చెంగుతో ముఖం తుడుచుకుని, "నన్ను గూడా ఒకటి తియ్యిరా. ఇప్పుడే తియ్యి, కార్డులో నుంచి తియ్యబాకండి. నాకు మాత్రం కోటు ఏసేయబాకండి" అనింది. నా చేతిలో ఫోను లేదు.

ఊత ఫోటో ఈ వ్యాసం కిందే అంటించాను. పండక్కి ఇంటికి తీసుకుపోవాలి, తడి చేతులతో ముట్టుకోవద్దు. సైన్సు సారూ, వచ్చే నెల రెండో ఆదివారం మా అవ్వ మళ్లీ వస్తుంది. ఫోను ఇంకొక్కసారి ఇస్తారా? ఒక్కటే తీస్తాను. కింద పేరు నేనే రాస్తాను.

– పదో తరగతి విద్యార్థి, ఇందుకూరుపేట