రేపు వాన పడిందనుకో

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. మొన్న సాయంత్రం వాకాడులో వాళ్ళ వసారాలో కూర్చుని ఉంటే ఇంగ్లీషు గ్రామరు పుస్తకం నా ఒళ్ళో పడేసి, "రేపటి వానకు నిన్నటి క్రియ ఎందుకు మామా?" అంది. ఆ వాక్యం 'ఇఫ్ ఇట్ రెయిన్‌డ్ టుమారో'. టుమారో అన్నాక రెయిన్‌డ్ ఏంది? నేను చదువుకునే రోజుల్లో ఇదే అడిగితే, రూలు, బట్టీ పట్టమన్నారు. పట్టాను. ఇప్పుడూ అదే చెబుదామని నోరు తెరిచేలోపు వంటింట్లోంచి మా అక్క కేక: "కబుర్లాపి చదవకపోయావో... నేనక్కడికి వచ్చానంటే ఊరుకోను!"

పాఠం అక్కే చెప్పేసింది. ఆమె రాలేదు, పొయ్యి దగ్గరే ఉంది. అయినా 'వచ్చాను' అంది. 'చదవకపోయావో' కూడా అంతే. రేపు వాన పడిందనుకో అని మనం రోజూ అంటాం. రేపునూ పడిందినీ పక్కపక్కన కూర్చోబెట్టినందుకు ఎవరూ మనల్ని కసరరు. అప్పుపత్రాల్లోనూ 'వాయిదా తప్పిన పక్షంలో' అని రాస్తారు. అప్పటికింకా మొదటి వాయిదా కూడా రాలేదు.

కాకపోతే ఒక తేడా ఉంది. ఇంగ్లీషువాడు గతరూపం వాడి ఆ వానను కాస్త దూరం నెడతాడు, పడదులే అన్న ధోరణిలో. మనం అదే రూపంతో వానను కళ్ళ ముందుకు లాక్కొస్తాం. సముద్రం ఒడ్డున నిలబడి 'రాత్రికి తుఫాను పట్టిందనుకో' అన్నవాడు పడవ పైకి లాగడానికి మనుషుల్ని పిలుస్తున్నట్టు.

మరి జరగనిదాన్ని ఎలా చెబుతాం? 'డబ్బుంటే కొంటా', 'డబ్బుంటే కొనేవాణ్ణి'. మొదటి సగం రెండింట్లోనూ ఒకటే, గుట్టంతా రెండో సగంలో ఉంది. 'చిన్నప్పుడు రోజూ జీళ్ళు కొనేవాణ్ణి' అన్నా అదే మాట! ఒకప్పటి అలవాటుకూ, ఎన్నడూ జరగనిదానికీ ఒకే రూపం. ఇంగ్లీషు 'వుడ్' కూడా ఈ రెండు కొలువులూ చేస్తుంది. సబీన్ ఇయాట్రిడూ అనే భాషాశాస్త్రవేత్త 2000లో, గ్రీకును ముందు పెట్టుకుని మరికొన్ని భాషలతో పోల్చి, గతరూపం అసలు పని వేరు చేయడమేనన్నారు. కాలానికి తగిలిస్తే 'ఇప్పటిది కాదు', లోకానికి తగిలిస్తే 'ఈ లోకానిది కాదు'.

ఆ రెండో రకం వాక్యాలు వాకాడులో బోలెడు. మండలంలోని దుగరాజపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1626లోనే కోఠీ పెట్టింది, దానికి ఆర్మగాన్ అని పేరు. మంచి బట్ట చవగ్గా దొరికే చోటు వెతుక్కుంటూ ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన జాగా సంపాదించాడు. మరుసటేడు కంపెనీ మద్రాసులో దిగింది. ఇక్కడే ఉండిపోయుంటే మద్రాసు వాళ్ళే పనుల కోసం మా ఊరికి బస్సెక్కేవాళ్ళు. 2014 విభజన చట్టం దుగరాజపట్నంలో పెద్ద పోర్టు అంది, తొలిదశ 2018 ఆఖరుకల్లా అంది. కట్టుంటే ఏమయ్యేదో రచ్చబండ దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. ఈలోపు జిల్లా మారింది. 2022 ఏప్రిల్ నుంచి మాది తిరుపతి జిల్లా, నోరు మాత్రం నెల్లూరే అంటుంది.

మేనకోడలు కంపెనీ వాక్యాన్ని ఇంగ్లీషులో రాసి చూపించింది. 'హాడ్ స్టేడ్', 'వుడ్ హావ్ కమ్'. ఒక్క తప్పు లేదు. కంపెనీ పోయింది, పోర్టు రాలేదు. దుగరాజపట్నం తీరంలో లైట్‌హౌసు ఉంది, దాని పేరు ఇప్పటికీ ఆర్మగానే.