జివెర్నీలో రంగుల తోట

పిల్లలూ! ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్‌లో, సీన్ నది ఒడ్డున, ఓర్సే చిత్రశాల ఉన్నది. 1900లో రైల్వే స్టేషనుగా ప్రారంభమైన ఆ భవనం 1986లో చిత్రశాల అయింది. స్టేషను పుట్టిన ఆ 1900లోనే గీసిన పటమొకటి అక్కడ ఉన్నది. దాని పేరు "జివెర్నీలో చిత్రకారుని తోట". గీసినవాడు క్లాడ్ మొనే.

మనం ఆ పటం ముందు నిలబడ్డామనుకోండి. మరీ దగ్గరికి పోతే పువ్వన్నది కనిపించదు. ఊదా, నీలం, గులాబి రంగుల మచ్చలే! నాలుగడుగులు వెనక్కి వేయండి. ఆ మచ్చలే ఐరిస్ పూల బారులవుతాయి. కొమ్మల సందుల నుంచి ఎండ జారిపడుతుంది. చెట్ల వెనుక నుంచి ఇల్లు తొంగిచూస్తుంది.

ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. మొనే రంగులను మెత్తగా కలిపి పూయలేదు, పక్కపక్కనే అద్దాడు. దూరం నుంచి చూసే మన కన్నే వాటిని కలుపుకుంటుంది. నీడ అనగానే మనం నలుపు అంటాము. ఆయన నీడలో నీలమూ ఊదా చూశాడు. 1874లో ఆయనా, మిత్రులూ ఇలాంటి పటాలను ప్రదర్శిస్తే ఒక విమర్శకుడు వేళాకోళం చేశాడు. మొనే గీసిన ఒక సూర్యోదయ చిత్రం పేరు పట్టుకుని వారిని "ఇంప్రెషనిస్టులు" అన్నాడు. ఆ ఎగతాళి పేరే నిలిచి గౌరవం పొందింది.

ఇక అసలు తోటకు పోదాం. పారిస్‌లో రైలెక్కితే సుమారు గంటలో వెర్నాన్ వస్తుంది. దానికి దగ్గరలోనే జివెర్నీ పల్లె. మొనే 1883లో అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, 1890లో కొన్నాడు. 1893లో రైలుపట్టాల అవతల నేల కొని, ఏటిపాయ నీటితో చెరువు చేయబోయాడు. విదేశపు మొక్కలు నీటిని విషం చేస్తాయేమోనని ఊరివారు భయపడ్డారు. చివరకు అనుమతి దొరికింది. చెరువులో కలువలు పూశాయి. దానిపై జపాను పద్ధతి వంతెన వెలిసింది. కలువల మీద దుమ్ము పడినా ఆయన ఓర్చేవాడు కాదు. నీటిని శుభ్రం చేయడానికి ఒక తోటమాలి ప్రత్యేకంగా ఉండేవాడు.

అంతలో పెద్ద కష్టం వచ్చింది. 1912లో వైద్యులు ఆయన కళ్ళలో శుక్లాలున్నాయన్నారు. కంటిలోపల కటకం మసకబారి పసుపెక్కితే నీలపు వెలుగు సరిగా లోపలికి పోదు. రంగుల గొట్టాల మీది పేర్లు చదువుకుని రంగు ఎంచుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో గీసిన వంతెన పటాలలో ఎరుపూ గోధుమరంగూ మండుతున్నట్లుంటాయి. తోట మారలేదు, చూసే కన్ను మారింది!

అయినా ఆయన ఒక మాట ఇచ్చి ఉన్నాడు. 1918లో యుద్ధం ఆగిన మరునాడే, తన చిత్రాలను దేశానికి కానుకగా ఇస్తానని ప్రధాని క్లెమాంసోకు జాబు వ్రాశాడు. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స చేయించుకుని, 2 మీటర్ల ఎత్తుగల కలువల పటాల మీద కడదాకా పనిచేశాడు. 1926లో కన్నుమూశాడు. మరుసటి ఏడు పారిస్‌లోని ఒరాంజెరీలో అవి ప్రజలకు దర్శనమిచ్చాయి. కోడిగుడ్డు ఆకారపు గదులు రెండింటిలో నాలుగు వైపులా కలువలే!

తర్వాత జివెర్నీ తోట పాడుబడింది. ఎంతో శ్రమతో బాగుచేసి, 1980లో అందరికీ తలుపులు తెరిచారు. అన్ని పూలూ తిరిగి వేయడానికి మొనే పటాలు కూడా సాయపడ్డాయి.

పిల్లలూ, మీ పెరట్లోని మందారాన్ని పొద్దున, మధ్యాహ్నం, సందెవేళ చూడండి. ఆకు నీడ పడినచోట ఏ రంగున్నదో కాగితం మీద వ్రాసుకోండి. మూడుసార్లూ ఒకటే రంగు వ్రాస్తే, మరునాడు మళ్ళీ చూడండి!