కుంజుమ్ దారిలో కార్బురెటర్

2020 అక్టోబరులో అటల్ సొరంగం ప్రారంభమైన పిమ్మట లాహుల్ వెళ్ళేవారిలో అధికులు రోహ్‌తాంగ్ కనుమను ఎక్కడం మానివేశారు. మేమిద్దరము మాత్రం అనుమతి పత్రం తీసుకొని పాత దారినే బయలుదేరాము. వాహనం మా మిత్రుని పాత బుల్లెట్, 350 సి.సి.ది. విశాఖ సముద్రపు గాలిలో చక్కగా సరిచేయించిన బండి.

3,978 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ సమీపించేసరికి అది నల్లటి పొగ వదులుతూ దగ్గసాగింది. థ్రాటిల్ వదిలితే ఆగిపోతున్నది. పెట్రోలులో మట్టి చేరిందని ఫ్లోట్ గిన్నె విప్పి కడిగాము. పాయింట్ల ఎడం కొలిచాము. రెండింటిలోనూ దోషం లేదు. రెండు గంటలు మాత్రం గడిచిపోయాయి. అటుగా వచ్చిన ఒక లారీ డ్రైవరు ఎయిర్ ఫిల్టర్ తీసివేయమన్నాడు. తీసి చూస్తే ఇంజను నిజంగానే తేరుకున్నది!

అదే మాకు ఆధారమైంది. ప్లగ్ విప్పితే పొడి మసి. రోహ్‌తాంగ్ వద్ద గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానికి సుమారు మూడింట రెండు వంతులే. జెట్ గుండా వచ్చే పెట్రోలు ఆ మేరకు తగ్గదు గనుక మిశ్రమం సుమారు ఐదవ వంతు చిక్కబడుతుంది. అయితే గ్రాంఫూ దాటాక బాతల్ వరకూ రాళ్ళు, పిండివంటి దుమ్ము. ఫిల్టర్ లేకుండా వెళితే పిస్టన్ రింగులు అరిగిపోవడం ఖాయం. కనుక దానిని తిరిగి బిగించాము.

నీడిల్ మీది క్లిప్‌ను ఒక గాడి పైకి మార్చి నీడిల్‌ను దించాము. ఇది సగం థ్రాటిల్ వద్ద పనిచేస్తుంది. ఇంజను వేడిగా ఉండగా గాలి మరను కొద్ది కొద్దిగా వెలుపలికి తిప్పి, ఐడిలింగ్ వేగం అత్యధికంగా ఉన్న చోట నిలిపాము. పూర్తి థ్రాటిల్‌కు చిన్న మెయిన్ జెట్ కావాలి. ఆ రెండు గ్రాముల ఇత్తడి ముక్కను తెచ్చుకోవడం మరిచాము (ఊరగాయ మాత్రం మరువలేదు). అందుచేత థ్రాటిల్ ముప్పాతిక దాటనివ్వలేదు.

ఆలస్యపు ఫలితం ఛత్రు తరువాత కనిపించింది. మధ్యాహ్నపు ఎండకు మంచు కరిగి, వాగు మోకాలు దాటి పారుతున్నది. ఉదయపు స్థితిలోని ఇంజనైతే నట్టనడుమ ఆగిపోయి ఉండేది. మిత్రుడు మొదటి గేరులో నడుపుతుండగా మేము వెనుక నుండి తోశాము. చల్లదనానికి పాదాలు ఉన్నవో లేవో తెలియలేదు గాని, ఇంజను చప్పుడు మాత్రం ఒక్క క్షణమైనా తప్పలేదు. ఆ రాత్రి బాతల్ ధాబాలో పప్పు అన్నం అమృతప్రాయమైంది.

మరునాడు కుంజుమ్ కనుమ పైన దేవి మందిరానికి ప్రదక్షిణ చేసి స్పితి లోయలోకి దిగాము. లోసర్‌లో ఫిల్టర్ దులిపితే పిడికెడు దుమ్ము రాలింది.

తిరుగు ప్రయాణంలో మనాలి చేరగానే క్లిప్‌ను పాత గాడిలోకి మార్చాము. “బాగానే పోతున్నది కదండీ, ఎందుకు కదపడం?” అన్నాడు మిత్రుడు. దిగువ గాలిలో అదే అమరిక మిశ్రమాన్ని పలుచన చేసి పిస్టన్‌ను కాల్చగలదని చెప్పి, స్క్రూడ్రైవర్ అతని చేతికే ఇచ్చాము.