కొట్టకుండానే కమిలే ఒళ్ళు

1980 సంక్రాంతికి నన్ను పుట్టింటికి తీసుకువెళ్ళడానికి మా నాన్న మైలవరం వచ్చాడు. నాకు పెళ్ళయి అప్పటికి ఏడు నెలలు. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళందిస్తుంటే జాకెట్టు చెయ్యి కాస్త పైకి జరిగింది. అక్కడ నాలుగు వేళ్ళ వెడల్పున నల్లగా కమిలిన మచ్చ. ముంజేతి మీద ఇంకొకటి, అది పాతబడి పసుపుపచ్చగా మారుతోంది. నాన్న చెంబు పక్కన పెట్టేసి మా వారి వంక ఒక చూపు చూశాడు. పాపం, ఆయన మామగారి కోసం కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి వున్నారు.

"ఎవరు కొట్టారే?"

"ఎవరూ కొట్టలేదు నాన్నా. గంగాళం ఎత్తుతుంటే అంచు ఒత్తుకుంది."

నిజంగా దెబ్బలు తినే ఆడపిల్లలు చెప్పే మాట కూడా ఇదే. అందుకే నాన్న నమ్మలేదు. మా అత్తగారు దేవుడి పటం ముందు దీపం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తానన్నా వినలేదు. పండగ వెళ్ళాక నన్ను తిరిగి పంపేది లేదన్నాడు.

మా పుట్టిల్లు మొవ్వ దగ్గర ఒక పల్లె. కనుమ నాడు ఈ గొడవ మళ్ళీ మొదలయింది. వంటింట్లోంచి అమ్మ లేచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు జానెడు పైకెత్తి, మోకాళ్ళ కింద తుప్పురంగు మచ్చలు చూపించింది. "పాతికేళ్ళుగా చూస్తున్నారుగా, ఇవి మీరు కొట్టిన దెబ్బలేనా? వూళ్ళో నలుగురూ అలాగే అనుకుంటున్నారు మరి!" అంది. నాన్న మాట్లాడకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు తనే నన్ను వెంటబెట్టుకుని మైలవరం తీసుకొచ్చి దించాడు. మా వారితో క్షమించమని మాత్రం అనలేదు. ఆ తరంలో మామలు అల్లుళ్ళను క్షమించమని అడగరు.

మా ఇంట్లో దీనికి 'పల్చని నెత్తురు' అని పేరు. అమ్మమ్మకూ వుండేదట. పసుపూ సున్నం కలిపి పట్టించడం, వేడి చేసిందని మజ్జిగ పోయడం, అంతే వైద్యం. ఈ శీర్షికలో సాధారణంగా డాక్టర్లు రాస్తారు. నేను డాక్టర్ని కాను, రిటైరైన పంతులమ్మను. అయితే మా నెత్తురు పల్చన కాదని తెలుసుకోవడానికి మాకు 2012 దాకా పట్టింది. ఇంకెవరికీ అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

1982లో మా అమ్మాయి పుట్టింది. కాన్పులో నాకు చాలా రక్తం పోయింది. వేసిన కుట్లు నిలవలేదు, దారం కోసుకుపోయి మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. "మీ కండ తడి కాగితంలా వుందమ్మా" అంది డాక్టరమ్మ. ఆమె విసుక్కుంటూ అన్న ఆ మాటలోనే అసలు సంగతంతా వుందని అప్పుడు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

అమ్మాయి మూడో ఏట గడప తట్టుకుని పడింది. నుదురు చిట్లింది. చిన్న దెబ్బే, కాని గాయం చేప నోరులా తెరుచుకుంది. మానిన తరువాత అక్కడ ఉల్లిపొరలాంటి పల్చటి, ముడతలు పడ్డ మచ్చ మిగిలింది. మోకాలి చిప్పల మీదా అవే పొరలు. బడిలో చేర్చాక పిల్లను పక్కకు పిలిచి "మీ అమ్మ కొడుతుందా?" అని అడిగారు. నేను కూడా పంతులమ్మనే గదా, వాళ్ళ అనుమానం తప్పనలేను. నేనైనా అడిగేదాన్నే.

ఎన్ని పరీక్షలు చేయించామో లెక్క లేదు. విజయవాడ వెళ్ళడం, నెత్తురు ఇవ్వడం, సాయంత్రం కాగితాలు తెచ్చుకోవడం. ప్లేట్‌లెట్లు సరిపడా వున్నాయి. గడ్డకట్టే సమయం సరిగా వుంది. హీమోఫీలియా కాదు. "రిపోర్టులో ఏమీ లేదమ్మా, మీరే భయపడుతున్నారు" అని పంపేసేవారు. రిపోర్టులో ఏమీ లేకపోతే సంతోషించాలి. కాని పిల్ల కాళ్ళ మీద కొత్త మచ్చలు లేస్తూనే వుండేవి.

మా వూరి వాళ్ళకు ఒక పోలికతో చెబితే సులువుగా అర్థమవుతుంది. బుడమేరు మా మైలవరం చుట్టుపక్కల కొండల్లోనే పుడుతుంది. 2024 సెప్టెంబరులో దాని కట్టకు గండ్లు పడి విజయవాడలో పేటలకు పేటలు మునిగాయి. గండి పడ్డప్పుడు ఎవరూ సీసాలో నీళ్ళు పట్టి పరీక్షకు పంపరు, వెళ్ళి కట్ట చూస్తారు. మా విషయంలో ఏళ్ళ తరబడి అందరూ నీళ్ళనే పరీక్షించారు. కట్ట సంగతి ఎవరికీ తోచలేదు.

ఒంట్లో ఆ కట్ట కొల్లాజెన్ అనే మాంసకృత్తు. గ్రీకు భాషలో జిగురును సూచించే మాట నుంచి ఆ పేరు వచ్చింది. చర్మం, కీళ్ళ బంధనాలు, రక్తనాళాల గోడలు, చిగుళ్ళు అన్నిటినీ పట్టి వుంచేది అదే. మూడు పేటలు పురిపెట్టిన తాడులా దాని నిర్మాణం వుంటుందని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రపంచానికి చెప్పారు. ఏదో ఒక పేట పుట్టుకతోనే నాసిగా వుంటే చిన్న ఒత్తిడికే సన్నని నాళాలు చిట్లుతాయి. చుట్టూ వున్న కండ కూడా వదులే కాబట్టి కారిన నెత్తురు ఆగక లోలోపలే పాకుతుంది. దెబ్బ గోరంత, మచ్చ అరచేయంత కావడం అందుకే. పైగా చిట్లిన చోట ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి ఆసరా కూడా ఆ కొల్లాజెనే. పదే పదే నెత్తురు ఇంకిన చోట దానిలోని ఇనుము మిగిలిపోతుంది. మా అమ్మ కాళ్ళ మీది తుప్పురంగు నిజంగా ఇనుము రంగేనన్న మాట!

2012లో అమ్మాయికి జ్ఞానదంతం తీయించాం. నొప్పికి ముందు రోజు ఆస్పిరిన్ వేసుకుంది. మూడు రోజులు చిగురు నుంచి నెత్తురు ఆగలేదు. దిండు గలీబులు మారుస్తూ రాత్రుళ్ళు కూర్చున్నాను. ఆ తరువాత హైదరాబాదులో ఒక కుర్ర డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. అతను మా రిపోర్టుల కట్ట విప్పనే లేదు. "అమ్మా, మీ బొటనవేలు ముంజేతికి ఆనించగలరా?" అని నన్నడిగాడు. ఆనించాను. చిటికెనవేలు వెనక్కి వంచమన్నాడు. నిటారుగా లేచింది. మోచేతి దగ్గర చర్మం పట్టి లాగితే రబ్బరులా సాగి, వదలగానే వెనక్కి పోయింది. అమ్మాయి నుదుటి మచ్చ చూశాడు. రక్తపోటు చూసే పట్టీ చేతికి చుట్టి, పై అంకెకూ కింది అంకెకూ మధ్య ఒత్తిడిలో ఐదు నిమిషాలు వుంచాడు. తీసేసరికి చర్మం మీద ఎర్రటి చుక్కలు జల్లినట్లు లేచాయి. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు.

చిన్నప్పుడు కూచిపూడిలో నాట్యం నేర్పే మాస్టారు "దీని ఒళ్ళు తీగ" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పూ ఈ మచ్చలూ ఒకే జబ్బుకు రెండు గుర్తులని ఆ రోజు తెలిసింది.

జబ్బు పేరు ఏలర్స్-డాన్లోస్ సిండ్రోమ్. 1901లో డెన్మార్క్ డాక్టరు ఏలర్స్, 1908లో ఫ్రాన్సు డాక్టరు డాన్లోస్ వర్ణించారు. 2017లో చేసిన వర్గీకరణ ప్రకారం ఇందులో 13 రకాలు. మాది క్లాసికల్ రకం. 2018లో జన్యుపరీక్ష కూడా దానినే ఖాయపరిచింది. "మేనరికమా?" అని అందరూ అడిగారు. కాదు. మా రకానికి మేనరికంతో పని లేదు. తల్లికో తండ్రికో వుంటే చాలు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగం. మా అబ్బాయికి రాలేదు.

ఈ 13 రకాల్లోనూ భయపడవలసింది ఒకటుంది. వాస్క్యులర్ రకం అంటారు. వీళ్ళకు కీళ్ళు, చర్మం అంతగా సాగకపోవచ్చు. చర్మం పల్చగా, కింద నీలిరంగు నరాలు కనబడేటట్లు వుంటుంది. ఏ కారణం లేకుండానే కమిలిపోతుంది. పెద్ద ధమనులు, పేగు, గర్భిణులకు గర్భసంచి కూడా చిట్లే ప్రమాదం వుంది. మీ వంశంలో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి లోపల రక్తస్రావమై పోయారేమో అడిగి తెలుసుకోండి. అటువంటి ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా గుండెలోనో కడుపులోనో భరించలేని నొప్పి వస్తే గ్యాసు నొప్పి అనుకుని సోడా తాగిస్తూ కూర్చోకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, జబ్బు పేరు చెప్పి, స్కాన్ తీయించాలి. హైదరాబాదు నిమ్స్‌లో జన్యువైద్య విభాగం వుంది, రకం తేల్చుకోవడానికి అటువంటి చోటికే వెళ్ళాలి.

ఇది చదివి కమిలిన ప్రతి ఒంటికీ ఇదే జబ్బని అంటగట్టకండి. వయసు మళ్ళిన వాళ్ళకు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడిన వాళ్ళకు చర్మం ఊరికే కములుతుంది. ఇంతకు ముందు లేని మచ్చలు ఉన్నట్టుండి లేస్తే, జ్వరంతో పాటు వస్తే, డెంగీ కావచ్చు, రక్తంలో పెద్ద జబ్బే కావచ్చు. ముందు రక్తపరీక్షే చేయించాలి, అదీ ఆలస్యం చేయకుండా. నిజంగానే దెబ్బలు తింటూ గంగాళం మీదకో తలుపు మీదకో నెట్టేసే తల్లులూ వున్నారు, వాళ్ళ మాట మరిచిపోకండి. నేను చెప్పేదల్లా రక్తపరీక్షలు బాగున్నా మచ్చలు ఆగని వాళ్ళ గురించి.

దీనిని పూర్తిగా నయం చేసే మందు లేదు. కాని తెలిసి మసలుకోవడానికీ తెలియక పడడానికీ ఎంత తేడానో మా ఇంట్లో చూశాను. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పిమాత్రలు మేం మానేశాం, డాక్టరు చెప్పిన ప్రకారం పారాసెటమాల్ వేసుకుంటాం. గుండెకని డాక్టరు ఆస్పిరిన్ రాసినవారు మాత్రం సొంతంగా మానకూడదు, అడిగి తేల్చుకోవాలి. దెబ్బ తగిలితే గుడ్డలో ఐసు చుట్టి పెట్టి, గట్టిగా అదిమి, కాలో చెయ్యో ఎత్తి వుంచుతాం. పన్ను తీయించే ముందు డెస్మోప్రెసిన్ అనే మందు కొందరికి ఇస్తారు, అవసరమో కాదో డాక్టరు నిర్ణయిస్తారు. విటమిన్ సి లేనిదే ఒంట్లో కొల్లాజెన్ సరిగా తయారుకాదు. పూర్వం ఓడల మీద నావికులకు చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది అందుకే. కొందరు డాక్టర్లు మా వంటి వాళ్ళకూ ఇస్తారు. అలాగని ఉసిరికాయ పచ్చడి తిని జబ్బు పోయిందనుకునేరు, పుట్టుకతో వచ్చిన లోపాన్ని అది పూడ్చలేదు. బహిష్టులో రక్తం ఎక్కువగా పోయే ఆడపిల్లలు దాచుకోకుండా చెప్పాలి, దానికి మందులున్నాయి.

2013లో అమ్మాయి కాన్పుకు డాక్టరమ్మకు ఆరు నెలల ముందే కాగితం చూపించాం. రక్తం సిద్ధంగా పెట్టారు. కుట్లు లోపల ఒక వరుస, పైన ఒక వరుస వేసి, లాగకుండా ముడి వేశారు. పై కుట్లు మామూలుగా తీసే గడువుకు రెండింతల రోజులు వుంచారు. ఒక్క కుట్టు కూడా తెగలేదు. వరండాలో కూర్చుని నేను 1982ను తలుచుకుని ఏడ్చాను. మా వారు సంతోషం కాబోలు అనుకున్నారు.

అప్పుడు పుట్టిన మనవరాలికీ ఇది వుంది. మొన్న కబడ్డీలో పడి తొడ నల్లబడితే బడి నుంచి ఫోను వచ్చింది. తండ్రిని రమ్మన్నారు. అల్లుడు డాక్టరు రాసిచ్చిన కాగితం తీసుకెళ్ళి చూపించి, ఆటల్లో కబడ్డీ వద్దనీ, దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో కూడా చెప్పి వచ్చాడు. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే, "అమ్మమ్మా, మా టీచరు నన్ను బొటనవేలు వంచి చూపించమంది. అందరూ వంచి చూశారు. ఇంకో అమ్మాయికి కూడా వంగింది!" అంది.

ఆ పిల్లకు ఒంటి మీద మచ్చలున్నాయా అని అడిగాను. లేవట. వట్టి కీళ్ళ వదులు చాలామంది పిల్లలకు వుంటుంది, అది జబ్బు కాదు. ఆ అమ్మాయికి నాట్యం నేర్పమని వాళ్ళమ్మకు చెప్పమన్నాను.