ఊపిరి వెల

మేము పుట్టి పెరిగినది బేగంపేటలో. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది ఈ ప్రాంతంలోనే. తనను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, పరీక్షకు దేహాన్ని అప్పగించిన రోగి హుసేన్ ఖాన్. ఆ పేరు మాకు చెప్పినవారు మా అబ్బాజాన్.

అబ్బాజాన్ పంజగుట్టలోని ఒక షెడ్డులో కార్లకు స్ప్రే పెయింటింగ్ చేసేవారు. రాత్రి అయ్యేసరికి ఆయాసం ముంచుకొచ్చేది. మేము ముగ్గురన్నదమ్ములము వంతులవారీగా ఆయన వీపు నిమిరేవారము. మృగశిర కార్తె నాడు చేపమందు కూడా మింగించాము. చివరకు ఒక వైద్యుడు, "సెలవు రోజున ఎలా ఉంటుంది?" అని అడిగారు. సెలవునాడు ఆయన హాయిగా నిద్రించేవారు! రంగు గట్టిపడుటకు కలిపే ఐసోసైనేట్లే ఈ ఆస్తమాకు మూలమని తేలింది. 1984లో భోపాల్‌ను కబళించిన విషవాయువు కూడా ఆ కుటుంబంలోనిదే. ఒంటికి ఒకసారి అది పడకుండా పోతే, పిమ్మట లేశమాత్రమైనా చాలు. పగలు పీల్చినది రాత్రికి పగ తీర్చుకొంటుంది.

నివారణకు మందు లేదా అని వెదికాము. తానే ఆస్తమా రోగియైన రోజర్ ఆల్టూన్యాన్ అనే వైద్యుడు, 1960వ దశకంలో బ్రిటనులో తన ఊపిరితిత్తుల మీదనే పరీక్షలు జరుపుకొని క్రోమోగ్లైకేట్‌ను వెలికి తెచ్చారు. అయితే ఐసోసైనేట్ ఆస్తమాకు అది సరిపోయిందా? ఇటలీలోని పాదువా వైద్యులు 1987లో ప్రచురించిన పరీక్షలో, ఆ రసాయనం పడనివారికి ముందుగా మందులిచ్చి, పిదప దానినే పీల్పించి చూశారు. గంటల తరువాత వచ్చే ఆయాసాన్ని క్రోమోగ్లైకేట్ ఆపలేదు. థియోఫిలిన్ కొంత తగ్గించింది. పీల్చే బెక్లోమెథసోన్ నివారించింది.

"ఇక మందు పీల్చి పనికి పోవచ్చు" అని అబ్బాజాన్ సంబరపడ్డారు. వైద్యుడు తల అడ్డంగా ఊపారు. పరీక్షలో పీల్పించినది కొలిచి, కొద్దిసేపు. షెడ్డులో పీల్చేది కొలత లేకుండా, ఏళ్ల తరబడి. మందు వాడుతూ అక్కడే ఉంటే రోగం ముదురుతుంది. ఎంత త్వరగా వదిలితే అంత మేలు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. తెల్లవారి పెద్దన్న కళాశాల మాని పనిలో చేరాడు. అబ్బాజాన్ సైకిల్ దుకాణంలో సగం జీతానికి కుదిరారు. "జాన్ హైతో జహాన్ హై" అన్నారేగాని, అన్న ముఖం చూడలేకపోయారు.

సోదర విద్యార్థులారా! హుసేన్ ఖాన్‌కు దోమకొక అణా ముట్టింది. ఆల్టూన్యాన్ తెలిసి తనను పరీక్షకు పెట్టుకొన్నారు. షెడ్డులో అన్నేళ్లు సాగిన పరీక్షకు మా అబ్బాజాన్‌ను అడిగినవారు లేరు. ఆయనకు మంచి మాస్కు, గాలి వెళ్లే దారి ఉండి ఉంటే, నేడు మా అన్న కూడా ఈ సంచికలో వ్రాసి ఉండేవాడు.